నవ్వుకోవాలన్నా ముందు చరిత్ర తెలియాలి కదా!

"అమెరికా: ది మోషన్ పిక్చర్" అని నెట్‌ఫ్లిక్స్‌లో ఒక బొమ్మల సినిమా ఉంది. 2021 జూన్‌లో వచ్చింది. బొమ్మల సినిమా అన్నాను కదా అని పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకునేరు, బూతులు దండిగా ఉన్నాయి. కథ వాళ్ళ స్వాతంత్ర్య పోరాటం. కానీ ఎలాంటి పోరాటం! జార్జి వాషింగ్టన్ చేతుల్లోంచి రంపాలు మొలుస్తాయి. ఆయన ప్రాణస్నేహితుడు అబ్రహాం లింకన్. (వాషింగ్టన్ 1799లో పోయాడు, లింకన్ 1809లో పుట్టాడు. పర్లేదు, సర్దుకుపోండి.) దేశద్రోహి బెనెడిక్ట్ ఆర్నాల్డ్ తోడేలు మనిషి. థామస్ ఎడిసన్ ఒక చైనా అమ్మాయి. ఇంగ్లండు రాజు జార్జి కాస్తా జేమ్స్ అయిపోయాడు, అందర్నీ ఇంగ్లీషు వాళ్ళుగా మార్చెయ్యడానికి టీ తో కుట్ర పన్నుతాడు.

సినిమా గొప్పగా ఉందని చెప్పను. మొదటి అరగంట నవ్వొస్తుంది, తర్వాత అదే జోకు నాలుగోసారి వేస్తుంటే నీరసమొస్తుంది. బానిసత్వం లాంటి పెద్ద విషయాన్ని రెండు చురకలేసి దాటేశారు. కానీ ఒక్క సంగతి మాత్రం నన్ను వదల్లేదు. ఆ సినిమాలో ప్రతి జోకూ ఒక నమ్మకం మీద నిలబడి ఉంది: చూసేవాడికి అసలు చరిత్ర తెలుసు అని. బోస్టన్ టీ పార్టీ గురించి ఐదో తరగతిలో చదువుకోనివాడికి టీ కుట్ర జోకు ఎక్కదు. లింకన్ ఎప్పటివాడో తెలియనివాడికి అతను వాషింగ్టన్ భుజమ్మీద చెయ్యేసి నడవడంలో వింతేమీ కనపడదు. అంటే అది చరిత్రని అవమానించిన సినిమా కాదు. చరిత్ర బాగా వచ్చినవాళ్ళ కోసం తీసిన సినిమా.

మా ఆఫీసులో ఈ మాట లంచ్ టేబుల్ దగ్గర అంటే వెంటనే వచ్చిన ప్రశ్న: "మన గాంధీ మీద ఇలా తీస్తే ఊరుకుంటామా?" ఊరుకోలేదు కూడా. "క్లోన్ హై" అని ఎమ్‌టీవీలో ఒక బొమ్మల సీరియల్ వచ్చేది, అందులో గాంధీ పార్టీలకి తిరిగే కుర్రాడు. 2003 జనవరిలో ఢిల్లీలో దాని మీద నిరాహారదీక్ష చేశారు, ఎమ్‌టీవీ వాళ్ళు క్షమాపణ చెప్పారు. తమాషా ఏమిటంటే ఆ సీరియల్ సృష్టికర్తల్లో ఇద్దరు, ఫిల్ లార్డ్, క్రిస్ మిల్లర్, ఈ అమెరికా సినిమాకి నిర్మాతలు. అదే మనుషులు, అదే వెటకారం. ఒకచోట దీక్షలు, ఒకచోట పాప్‌కార్న్.

కాబట్టి "అమెరికా వాళ్ళకి సహనం ఎక్కువ, మనకి తక్కువ" అని తేల్చేసి ఎవరి సీటుకి వాళ్ళు వెళ్ళిపోవచ్చు. చాలామంది అదే చేస్తారు. నాకు మాత్రం అసలు తేడా అక్కడ లేదనిపిస్తుంది. మన దగ్గరా చరిత్రని తలకిందులు చేసిన సినిమాలు వస్తున్నాయి, మనం వాటికి విజిల్స్ కూడా వేస్తున్నాం. కాకపోతే అవి నవ్వించవు. మొహం సీరియస్‌గా పెట్టుకుని ఉంటాయి.

ఆర్‌ఆర్‌ఆర్ సంగతే తీసుకోండి. 2022 మార్చి 25న విడుదలైంది. నేను రెండుసార్లు చూశాను, పులి ఎగిరే సీన్‌కి నేనూ అరిచాను, కాబట్టి నన్ను సినిమా ద్వేషి అనకండి. అల్లూరి సీతారామరాజు, కొమురం భీం ఇద్దరూ కలిసి ఉంటే ఎలా ఉండేది అన్న ఊహ అది. కల్పిత కథ అని రాజమౌళి 2019 ప్రెస్ మీట్ నుంచీ చెబుతూనే ఉన్నారు. అయినా గొడవలు ఆగలేదు. 2020లో టీజర్‌లో భీం నెత్తిన టోపీ కనపడగానే రాజకీయ నాయకులు హెచ్చరికలు మొదలెట్టారు. చరిత్రని వక్రీకరించారంటూ హైకోర్టులో పిటిషన్ పడింది, విడుదలకి ముందు కోర్టు కొట్టేసింది.

ఇంత గొడవలో టోపీ గురించి మాట్లాడినంత గట్టిగా అసలు విషయం గురించి ఎవరూ మాట్లాడలేదు. సినిమాలో భీం ఎవరితో కొట్లాడతాడు? ఢిల్లీలో ఉన్న తెల్ల దొరతో. నిజం భీం ఎవరితో కొట్లాడాడు? నిజాం సర్కారుతో. గోండులు నరికి చదును చేసుకున్న పోడు భూములు, పశువులు మేసే అడవి, వాటి మీద పన్నులు, జంగ్లాతు వాళ్ళ దౌర్జన్యం, ఇదీ ఆయన పోరాటం. 1940లో జోడేఘాట్ దగ్గర నిజాం పోలీసుల కాల్పుల్లో చనిపోయాడు. సినిమాలో ఆ నిజాం సర్కారు ఒక రాయబారి రూపంలో కాసేపు కనపడి మర్యాదగా పక్కకి తప్పుకుంటుంది. ఇక చివర్లో, "నీకేం కావాలి" అని రాజు అడిగితే భీం "చదువు" అంటాడు. "జల్ జంగల్ జమీన్" అన్న మాటని జెండా మీద రాజు రాసిస్తాడు. భీం కథ చెప్పేవాళ్ళు మాత్రం, ఆయన చంద్రపూర్ వెళ్ళి అచ్చు ప్రెస్సులో పనిచేస్తూ చదవడం రాయడం నేర్చుకున్నాడని చెబుతారు. తన నినాదం తను రాసుకోగలిగినవాడి చేతిలోంచి మనం కలం లాగేసి పక్కవాడి చేతిలో పెట్టాం. పెట్టి చప్పట్లు కొట్టాం.

ఇప్పుడు చెప్పండి, ఏది ఎక్కువ ప్రమాదం? వాషింగ్టన్ చేతుల్లో నిజంగా రంపాలున్నాయని ఏ అమెరికా పిల్లాడూ నమ్మడు. కానీ భీం తెల్లవాళ్ళ మీద పోరాడాడని నమ్మే సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లు మా ఫ్లోర్‌లోనే ముగ్గురు తేలారు. ముగ్గురూ బీటెక్, ఒకరైతే ఆదిలాబాద్ పక్కనే పెరిగారు! మన భాషలో చెప్పాలంటే, వెటకారం సినిమా ఒరిజినల్ కోడ్‌ని వేరే బ్రాంచ్‌లో పెట్టి, పేరు మార్చి ఆడుకోవడం. సీరియస్ మొహం పెట్టుకున్న కల్పన నేరుగా ప్రొడక్షన్‌లోకి వెళ్ళి మార్చెయ్యడం. మొదట్లో వేసే "ఇది కల్పితం" అన్న కార్డు ఎవరూ చదవని రిలీజ్ నోట్స్ లాంటిది.

అయితే ఒక మాట. ఇదంతా రాజమౌళి తప్పు అనడం అన్యాయం. ఆయన సినిమా తీశాడు, అంతే. ఒక్క సినిమా వచ్చి చరిత్రని చెరిపెయ్యగలిగిందంటే అక్కడ రాసి ఉన్నది అంత పల్చగా ఉందన్నమాట. అల్లూరి అంటే మనలో చాలామందికి 1974 నాటి కృష్ణ గారి సినిమా. భీం అంటే ఇప్పుడు ఎన్టీఆర్. ఒక బొమ్మ చెరిపి ఇంకో బొమ్మ గీసుకుంటున్నాం, కింద కాగితం మీద ఏం రాసుందో ఎప్పుడూ చూడలేదు.

"మన సంస్కృతిలో వీరుల మీద జోకులు వెయ్యరండీ" అనేవాళ్ళకి కూడా ఒక సమాధానం చెప్పాలి. ఎందుకంటే అది అబద్ధం. ప్రపంచానికి కార్టూన్ సినిమా తెలియక ముందే మనకి తోలుబొమ్మలాట ఉంది. తెల్లటి తెర, వెనక దీపం, రంగులు వేసిన తోలు బొమ్మలు. అనంతపురం వైపు నిమ్మలకుంటలో ఇప్పటికీ చేస్తున్నారు, అక్కడి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆ తెర మీద నడిచేది రామాయణం. మధ్యలో దూరేది ఎవరు? జుట్టుపోలిగాడు, బంగారక్క, కేతిగాడు. వాళ్ళ మాటలు ఈ అమెరికా సినిమాలో మాటలకంటే ముతకగా ఉంటాయి. ఊరంతా పొట్ట పట్టుకుని నవ్వేది, మళ్ళీ సీతమ్మ ఏడుపుకి ఏడ్చేది. రాముడి పరువు ఎక్కడా పోలేదు.

బుర్రకథ చూడండి. మధ్యలో తంబురా పట్టుకుని కథకుడు. రెండు పక్కలా గుమ్మెటలతో ఇద్దరు వంతలు. వాళ్ళలో ఒకరి పని హాస్యం, ఇంకొకరి పని రాజకీయం. అంటే వీరుడి కథ చెప్పే ఆటలోనే, పక్కన నిలబడి వెక్కిరించడానికి ఒక మనిషిని పెట్టారు. నాజర్ గారు అల్లూరి కథ చెప్పింది ఈ ఆటలోనే. ఇంత సరదా ఆటంటే అటు బ్రిటిష్ వాళ్ళు మద్రాసులో, ఇటు నిజాం హైదరాబాదులో భయపడి నిషేధం పెట్టారు. నవ్వుకి ఆ మాత్రం విలువ ఉందని పాలకులకి మనకంటే ముందే తెలుసు.

ఇక మా పాలమూరుకి వస్తాను. నాది వనపర్తి వైపు. 2016 అక్టోబరు 11న మా జిల్లాని ముక్కలు చేసి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ అని వేరు వేరు జిల్లాలు చేశారు. బయటివాళ్ళకి పాలమూరు అంటే రెండే తెలుసు, కరువూ వలసా. డ్యాములు కట్టడానికి దేశమంతా తిరిగిన పాలమూరు లేబర్. అది నిజమే, కానీ అదొక్కటే నిజం కాదు. మా మూడు జిల్లాల చరిత్రలో ఉన్న సరుకు చూస్తే ఆ అమెరికా సినిమా రాసినవాళ్ళు కూడా "ఇది మరీ అతి, ఎవరూ నమ్మరు" అంటారు.

మచ్చుకి ఒకటి. హైదరాబాదులో మాసాబ్ ట్యాంక్ పక్కన ఏసీ గార్డ్స్ అని ఉంది. మీలో చాలామంది ఆ దారిన వెళ్ళే ఉంటారు. ఏసీ అంటే ఎయిర్ కండిషనర్ కాదు, ఆఫ్రికన్ కావల్రీ. ఆ ఆఫ్రికా గుర్రపు దళం మొదలైంది ఎక్కడో తెలుసా? వనపర్తి సంస్థానంలో! 19వ శతాబ్దంలో రాజా రామేశ్వరరావు సిద్దీలతో ఒక అంగరక్షక దళాన్ని పెట్టుకున్నాడు, ఆయన తర్వాత అది నిజాం సైన్యంలో చేరింది. వనపర్తి ఎర్రమట్టిలో, వేరుశనగ చేల మధ్యన, ఆఫ్రికా నుంచి వచ్చిన మనుషులు గుర్రాల మీద కవాతు. ఇది కల్పన కాదండీ బాబూ. ఆ రాజుల ప్యాలెస్‌లో ఇప్పుడు పాలిటెక్నిక్ కాలేజీ నడుస్తోంది. అందులో డిప్లొమా చేసి మన కంపెనీల్లోకి వచ్చినవాళ్ళున్నారు. ఆ గోడల కథ అడిగితే ల్యాబ్ ఏ బ్లాక్‌లో ఉండేదో చెబుతారు, అంతే.

ఇంకొకటి. గద్వాలలో సోమనాద్రి కట్టించిన మట్టికోట. అందులోనూ ఒక డిగ్రీ కాలేజీ ఉంది (మా రాజులు కోటలు కట్టింది కాలేజీల కోసమే అనిపిస్తుంది :) ). ఒకప్పుడు ఆ సంస్థానాన్ని "విద్వద్గద్వాల" అనేవారు. తిరుపతి వేంకట కవులు గద్వాల, వనపర్తి, ఆత్మకూరు సంస్థానాల్లో అవధానాలు చేశారు. ఇప్పుడు గద్వాల అంటే మనకి చీర ఒక్కటే గుర్తు.

మూడోది నాగర్‌కర్నూల్ వైపు నల్లమల. భీం చనిపోయాక గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకొమ్మని నిజాం సర్కారు హైమండార్ఫ్ అనే మానవ శాస్త్రవేత్తని పిలిచింది. అదే హైమండార్ఫ్ మన అమ్రాబాద్ అడవుల్లో చెంచుల మధ్య తిరిగి 1943లో వాళ్ళ మీద పెద్ద పుస్తకం అచ్చు వేశాడు. ఆస్ట్రియా నుంచి వచ్చిన దొర నోటుబుక్కు పట్టుకుని చెంచుల్ని పరిశీలిస్తుంటే, చెట్టు కింద కూర్చున్న చెంచు ముసలాయన ఆ దొరని పరిశీలిస్తూ ఉంటాడు. దొర ఎప్పుడు తింటాడు, ఏం రాస్తాడు, ఎందుకు తిరుగుతాడు. నేనైతే మొదటి ఎపిసోడ్ ఇదే తీస్తాను.

రెండో ఎపిసోడ్ సురవరం ప్రతాపరెడ్డి గారిది. పుట్టింది 1896లో బోరవెల్లిలో, ఊరు ఇటిక్యాలపాడు, రెండూ గద్వాల వైపువే. 1926లో గోలకొండ పత్రిక పెట్టాడు. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు లేరు పొమ్మని ఒక పెద్దమనిషి రాశాడు. ఈయన వాదన పెట్టుకోలేదు, లెక్క తీశాడు. 1934లో గోలకొండ కవుల సంచిక తెచ్చాడు, 354 మంది కవులతో! ఇప్పుడు బొమ్మల్లో ఊహించుకోండి. అన్నమాట వెనక్కి తీసుకోవాల్సిన ఆ పెద్దమనిషి ఇంటి ముందు 354 మంది కవులు వీసా ఆఫీసు లైనులాగా నిలబడి, ఒక్కొక్కరు ఒక్కో పద్యం చదివితే గానీ కదలమంటున్నారు. ఎవరి మనోభావాలు దెబ్బతింటాయి?

ఆ సురవరం వారి దగ్గరే నాకు ఈ మొత్తం వాదనకి బలం దొరికింది. 1949లో వచ్చిన ఆయన "ఆంధ్రుల సాంఘిక చరిత్ర"కి 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది, తెలుగులో అదే మొదటిది. అప్పటికి ఆయన లేడు. అందులో రాజుల వరసలు ఉండవు. జనం ఏం తిన్నారు, ఏం కట్టారు, ఏం ఆటలాడారు, దేనికి భయపడ్డారు, ఇదీ ఉంటుంది. మరి ఆ వివరాలు ఎక్కణ్ణుంచి తీశాడు? ఎక్కువ భాగం రాజుగారి పొగడ్తల్లోంచి కాదు. క్రీడాభిరామం లాంటి పుస్తకాల్లోంచి. ఇద్దరు మిత్రులు ఓరుగల్లు వీధుల్లో రోజంతా తిరుగుతూ కనపడిన ప్రతిదాన్నీ ఎగతాళి చేసే వీధి నాటకం అది. పూటకూళ్ళమ్మ ఇల్లు, వీధుల్లో ఆటలు, వేశ్యల ఇళ్ళు అన్నీ అందులో దొరుకుతాయి. శుకసప్తతి, హంసవింశతి కూడా వాడాడు. పెద్దలు బూతు అని పక్కన పెట్టిన పుస్తకాల్లో ఆయనకి జనం కనిపించారు. పొగిడేవాడు రాజుగారి కిరీటమే చూస్తాడు. వెక్కిరించేవాడు కిరీటం కింద చెమటని, చెప్పుల మీద దుమ్ముని, పక్కన గొడుగు పట్టుకున్నవాడి మొహాన్ని కూడా చూస్తాడు. అందుకే ఐదొందల ఏళ్ళ తర్వాత చరిత్రకారుడికి వెటకారమే పనికొచ్చింది.

సరే, హద్దులు ఉండవా అంటారా? ఉంటాయి. నా మటుకు రెండే. ఒకటి, నవ్వు పైవాడి మీద ఉండాలి. కేతిగాడు రాజుని అంటాడు, మంత్రిని అంటాడు, తనని తాను అనుకుంటాడు. చెంచు మాట తీరుని, సిద్దీ రంగుని చూసి నవ్వడం వెటకారం కాదు, అది ర్యాగింగ్. మన సినిమాల్లో పాలమూరు యాసని ఏ పాత్రలకి పెడుతూ వచ్చారో మీకు తెలుసు, నేను చెప్పక్కర్లేదు. రెండు, ఆగాల్సిన చోట ఆగాలి. ఆత్మకూరు దగ్గర అప్పంపల్లిలో 1947లో, దేశమంతా స్వాతంత్ర్యం వచ్చిందని సంబరాలు చేసుకున్న కొన్నాళ్ళకే, నిజాం పోలీసులు పల్లె జనం మీద కాల్పులు జరిపి ప్రాణాలు తీశారు. అక్కడ జోకు లేదు. బుర్రకథలో కూడా వీరుడు నేలకొరిగే ఘట్టం వచ్చేసరికి హాస్యం చెప్పే వంత గొంతు మారిపోతుంది. కానీ ఆ అప్పంపల్లి పేరు ఎంతమంది విన్నారు? ఆటలో ముందు నవ్వినవాడే ఆ చోటికి వచ్చేసరికి ఉలిక్కిపడతాడు. మనం నవ్వూ లేదు, ఉలికిపాటూ లేదు, ఆ పేరే తెలియకుండా పక్క రోడ్డు మీద కారులో వెళ్ళిపోతున్నాం.

ఇంకో వాదన: "తెలంగాణ చరిత్ర ఇప్పటికే రాజకీయం అయిపోయింది, ఇక కామెడీ ఒకటా?" నిజమే. సెప్టెంబరు 17 ఒక్క రోజుకే ఎన్ని పేర్లు! ఒకరికి విమోచన దినం, ఒకరికి విలీన దినం, 2022లో అప్పటి రాష్ట్ర ప్రభుత్వానికి సమైక్యతా దినం, 2024లో ఆ తర్వాతి ప్రభుత్వానికి ప్రజాపాలన దినం. వేరియబుల్ ఒక్కటే, ప్రతి ప్రభుత్వమూ రీనేమ్ చేసుకుంటూ పోతోంది. ఈ పేర్ల గొడవలో పడి ఆ రోజుకి ముందూ వెనకా ఏ ఊళ్ళో ఎవరు చనిపోయారో మాత్రం ఎవరూ చెప్పరు. ఇంతకంటే మంచి కామెడీ నేను రాయగలనా? ఒకరు కోపంతో సినిమా తీస్తారు, ఒకరు భక్తితో తీస్తారు. రెండింటికీ చూసేవాడు చేతులు కట్టుకుని ఒప్పుకోవాలి. నవ్వించేవాడు ఒక్కడే "అసలేం జరిగిందో నీకు తెలుసు కదా" అని మనల్ని తెలివైనవాళ్ళ కింద లెక్కేస్తాడు.

చేసేవాళ్ళు లేరా? ఛోటా భీమ్ హైదరాబాద్ గ్రీన్ గోల్డ్ స్టూడియోలో పుట్టాడు, 2008 నుంచి పిల్లల్ని టీవీకి అతికించేశాడు. "లైఫ్ ఆఫ్ పై" పులి పనిలో కొంత చేసిన రిథమ్ అండ్ హ్యూస్‌కి హైదరాబాదులో స్టూడియో ఉండేది. మన ఊరి కుర్రాళ్ళు హాలీవుడ్ పులికి వెంట్రుక వెంట్రుకా దువ్వగలిగినప్పుడు వనపర్తి గుర్రం మీద సిద్దీని కూర్చోబెట్టలేరా? చెయ్యి తిరిగినవాళ్ళున్నారు, డబ్బు పెట్టేవాళ్ళూ దొరుకుతారు. దొరకనిది కథ తెలిసిన ప్రేక్షకుడు. జోకు వేస్తే "ఓహో, అదా!" అని నవ్వడానికి ముందు "అది" ఏమిటో తెలియాలి.

అంచేత ఈసారి పండక్కి ఊరెళ్ళినప్పుడు పెద్దగా ఏం చెయ్యొద్దు. మీ ఊరి కోటో, గడో, పాడుబడ్డ బురుజో ఎవరు కట్టించారో ఇంట్లో తాతనో పెద్దమ్మనో అడగండి. పండుగ సాయన్న పాట వచ్చినవాళ్ళు దొరికితే కూర్చుని వినండి, ఉన్నవాడి దగ్గర లాక్కుని లేనివాడికి పెట్టిన మా పాలమూరు మనిషి ఆయన. సురవరం వారి పుస్తకం కొనుక్కోండి, ఓటీటీ చందా కంటే చవక. ఆ తర్వాత మీ ఊరి రాజు మీద మీరే ఒక జోకు వెయ్యండి. అది విని మీ తాత "ఒరేయ్, అట్ల గాదురా" అని సరిదిద్దాడనుకోండి, మీ ఊరి చరిత్ర ఇంకా బతికే ఉన్నట్టు. ఎవరూ సరిదిద్దకుండా "అవునా, అట్లనా" అని నమ్మేస్తే, మనకి రాజమౌళి మీదా హాలీవుడ్ మీదా కోపం తెచ్చుకునే హక్కు లేదు.

మీ ఊళ్ళో ఇలాంటి కథలుంటే చెప్పండి. మూడో ఎపిసోడ్ ఇంకా ఖాళీగానే ఉంది.